రెల్లుపూలు – రైలుబండి

మంచి పుస్తకమును చదివినవాడు దాని చలనచిత్రమును చూడబోవునపుడు కొంత జంకుట సహజము. తాను ఊహించుకొన్న యిల్లు, తాను ఊహించుకొన్న ముఖము, తాను మనస్సులో విన్న కంఠస్వరము తెరపై లేక, వేఱొకటి యేదియో కానవచ్చునేమో యని అతని భయము. పెక్కుమారులు ఆ భయము నిజమే యగును. ‘పుస్తకమంత బాగుగా లేదు’ అను మాట సినిమాహాలునుండి వెలుపలికి వచ్చువారి నోట తఱచుగా వినవచ్చును. శరత్‌బాబు ‘దేవదాసు’ను తెలుగు అనువాదమున చదివి కన్నీరు కార్చినవారు, 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున ఆ కథయే తెలుగు చిత్రముగా వెలువడినపుడు, ఇట్టి జంకుతోనే చూడబోయి యుందురు. చదివినవారికిని చదువనివారికిని ఒక్కతీరుగ నచ్చు చిత్రము తీయుట సులభము కాదు. దానికి పుస్తకముపై ప్రేమ యుండిన చాలదు. అందులో ఏది విడువవలెనో తెలిసి, విడువగల ధైర్యము కూడ ఉండవలెను.

అట్టి ధైర్యము గల యొక యువకుని కథ, ‘దేవదాసు’ పుట్టిన వంగదేశముననే జరిగినది.

విభూతిభూషణ బందోపాధ్యాయుడు రచించిన ‘పథేర్ పాంచాలి’ యను నవల 1929లో గ్రంథరూపమున వెలువడెను. ఆ పేరునకు ‘బాటపాట’ యని అర్థము చెప్పుకొనవచ్చును. నిశ్చిందిపురమను పల్లెలో హరిహరుడను బీద బ్రాహ్మణుడు కలడు. అతడు పౌరోహిత్యముతో కుటుంబమును పోషించుకొనుచు, ఎప్పటికైన గ్రంథములు వ్రాసి కీర్తి గడింతునని కలలు కనుచుండును. భార్య సర్వజయకు కలలు కనుటకు తీరిక లేదు. రేపటి బియ్యమును గూర్చిన చింతయే ఆమెకు చాలును. వారికి దుర్గ యను కూతురు, అపు అను కొడుకు. ఇందిర ఠాక్రూన్ అను ముదుసలి బంధువురాలు ఒకతె ఆ యింట తల దాచుకొని యుండును. రాజులు లేరు, యుద్ధములు లేవు. పిల్లలు తోటలలో తిరుగుదురు, దుర్గ ఇరుగుపొరుగువారి చెట్ల పండ్లు దొంగిలించి అవ్వకు తెచ్చి పెట్టును, వాన వచ్చును, జ్వరము వచ్చును. కథ యనదగినది ఇంతకు మించి అంతగా లేదు. అయినను వంగదేశమున ఈ నవలను చదువని యిల్లు అరుదు.

1944 ప్రాంతమున కలకత్తాలోని సిగ్నెట్ ప్రెస్ అను ప్రచురణ సంస్థవారు ఈ నవలను బాలబాలికల కొఱకు సంక్షేపించి ప్రకటింపదలచి, బొమ్మలు వేయుపనిని ఒక యువకున కప్పగించిరి. ‘మామిడిటెంక బూర’ అను అర్థము వచ్చు పేరు ఆ చిన్న పుస్తకమునకు పెట్టిరి. (టెంకను రాతిపై అరగదీసి బూర యూదుట తెలుగు పల్లెల పిల్లలకును తెలిసిన విద్యయే.) ఆ యువకుడు సత్యజిత్ రాయ్. శాంతినికేతనమున చిత్రలేఖనము నభ్యసించి, కలకత్తాలో ఒక వ్యాపారప్రకటనల సంస్థయందు ఉద్యోగము చేయుచుండెను. విచిత్రమేమనగా, ఊరెల్ల చదివిన ఆ నవలను అతడు అంతవఱకు చదివియుండలేదు. బొమ్మల కొఱకే చదివెను. చదివిన పిమ్మట ఆ పల్లె, ఆ వెదురుపొద, ఆ చెఱువుగట్టు అతని మనస్సును విడువలేదు. ఇది చక్కని చలనచిత్రము కాగలదని ఆ ప్రచురణకర్తయే అతనితో ననెను.

1950లో ఉద్యోగపు పనిమీద రాయ్ లండను నగరమునకు పోయి కొన్ని నెలలుండెను. అచట అతడు చూచిన చిత్రములు ఇంచుమించు నూఱు. వానిలో ఇటలీవారి ‘సైకిలు దొంగలు’ అను చిత్రము అతనిని కదలించివైచెను. పేరుపొందిన నటులు లేరు. స్టూడియోలో కట్టిన వీథులు లేవు. నిజమైన వీథులలో సామాన్యులచేత నటింపజేసి తీసిన చిత్రమది. తిరుగుప్రయాణమున ఓడలోనే రాయ్ తన చిత్రమునకు బొమ్మలు గీసికొన నారంభించెను. ఆ యేడే విభూతిభూషణుడు మరణించెను. తరువాత ఆయన భార్య చిత్రనిర్మాణమునకు అనుమతి నొసగెను.

అనుమతి లభించెను గాని ధనము లభింపలేదు. పాటలు లేని, తారలు లేని చిత్రమునకు సొమ్ము పెట్టుటకు ఏ నిర్మాతయు ముందునకు రాలేదు. రాయ్‌యొద్ద సంపూర్ణమైన వ్రాతప్రతి కూడ లేదు. బొమ్మలతో నిండిన పుస్తక మొకటి మాత్ర ముండెను. తుదకు తన భీమాపత్రముపై అప్పు తెచ్చి, 1952 అక్టోబరు 27వ తేదీన పని మొదలుపెట్టెను. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర వయస్సు 21 ఏండ్లు; అంతకు ముందు అతడు చలనచిత్రపు కెమేరాను నడిపి యెఱుగడు. దర్శకుడును అంతకు ముందు ఒక్క చిత్రమైన తీసినవాడు కాడు. బాలకులలో పెక్కురు నటన యెఱుగనివారే.

మొదటినాడు తీయదలచిన ఘట్టము చిత్రమునకంతకు ప్రాణము వంటిది. కలకత్తాకు దూరమున, రైలుదారి ప్రక్కన, తెల్లని రెల్లుపూలతో నిండిన మైదానమొకటి యున్నది. అలిగి పోయిన అక్కను వెదకుచు అపు ఆ రెల్లులో నడువవలెను. ఆ పాత్రధారి సుబీర్ బెనర్జీ చిన్నవాడు. నడువుమనిన నడచెను గాని, కవాతు చేయువానివలె కట్టెవిఱచుకొని నడచెను. ఎవరినో వెదకుచున్న భావమే ఆ నడకలో లేదు. అపుడు రాయ్ పిల్లవానికి నటనను గూర్చి ఉపన్యాస మీయలేదు. దారిలో అచటచట ఎండుపుల్లలు పడవేయించెను. వానిని దాటుకొనుచు నడువుమనెను. రెల్లులో మువ్వురిని దాచి, ఒకరి వెనుక నొకరు పిల్లవానిని పేరు పెట్టి పిలువుమనెను. పుల్లను చూచి కాలెత్తుట, పిలుపు విని ఆగుట, అటువైపు తల త్రిప్పుట — ఇంతే. తెరపై చూచువారికి మాత్రము అక్క కొఱకు ఆరాటపడు తమ్ముడే కానవచ్చును.

ఆనాటికి పని సగమయ్యెను. మరుసటి వారము వచ్చి చూచునప్పటికి మైదానము బోడిగా నున్నది. పశువులు రెల్లునంతయు మేసివైచినవి! మఱల ఆ పూలు పూయవలెనన్న ఒక యేడాది పట్టును. వేఱొక మైదానమును వెదకవచ్చును. పూలు లేకయే రైలును చూపవచ్చును. రాయ్ అట్లు చేయలేదు. నల్లని పొగబండికి తెల్లని రెల్లుపూలే తగినవని అతని నిశ్చయము. ఏడాది వేచియుండి, పూలు మఱల పూచిన పిమ్మట మిగిలినది తీసెను.

ఆ నడుమ అతని కష్టములు అన్నియిన్ని కావు. ఉద్యోగమును విడువక, సెలవుదినములందు మాత్రమే పని చేయవలసి వచ్చెను. అప్పు తెచ్చిన సొమ్ము అయిపోయెను. ప్రాణసమానముగా చూచుకొన్న గ్రంథములను, గ్రామఫోను రికార్డులను అమ్మెను. భార్య బిజయ నగలు కుదువకు పోయెను. అప్పటికిని చాలక పని పూర్తిగా నిలిచిపోయెను. నెలల తరబడి నిలిచియుండెను. అట్లు నిలిచియున్న కాలమున రాయ్‌ను బాధించిన భయము ధనమును గూర్చినది మాత్రమే కాదు. అపు గొంతు మాఱిపోయిన నేమి గతి? దుర్గ ఎదిగిపోయిన నేమి గతి? ఇందిర ఠాక్రూన్‌గా నటించుచున్న చునీబాలాదేవికి ఇంచుమించు 80 ఏండ్లు. ఆమె మరణించిన నేమి గతి? ఈ మూడింటిలో ఏదియు జరుగకుండుటను రాయ్ తరువాతి కాలమున అద్భుతముగనే చెప్పుకొనెడివాడు.

కొన్ని నష్టములు జరుగకపోలేదు. మిఠాయిలవాడు కావడి భుజమున పెట్టుకొని పోవుచుండగా, వాని వెనుక దుర్గయు అపును, వారి వెనుక ఒక ఊరకుక్కయు వరుసగా నడచిపోవు ముచ్చటైన ఘట్టమొకటి చిత్రమున కలదు. ఆ వరుస యంతయు చెఱువునీటిలో తలక్రిందుగా ప్రతిఫలించును. కుక్క వెంట రాకపోగా, దుర్గ పాత్రధారిణి ఉమా దాస్‌గుప్త చేతిని వెనుకకు పెట్టుకొని మిఠాయిని చూపుచు దానిని నడిపించవలసి వచ్చెను. ఆ మిఠాయిలవాని వేషము వేసినవాడు, పని నిలిచియున్న కాలమున మరణించెను. అంతటి స్థూలకాయునే మఱియొకనిని వెదకి తెచ్చి, వెనుకనుండి మాత్రము చూపి పని ముగించిరి. చూచువా రెవరును గుర్తింపజాలరు.

తుదకు పశ్చిమవంగ ప్రభుత్వము సాయము చేయుటకు అంగీకరించెను. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్. బాటపాట యను పేరు చూచి, ఆ ధనమును రహదారుల అభివృద్ధి పద్దుక్రింద వ్రాసిరని ప్రసిద్ధి. ఏ పద్దున వ్రాసిన నేమి, పని మాత్రము సాగెను.

ఇంత కష్టపడి రాయ్ తీసినది నవలకు నకలు కాదు. నవల చదివినవారు మొదట ఆశ్చర్యపడునది ఇచటనే. నవలలో ఇందిర ఠాక్రూన్ కథ మొదటి భాగముననే ముగిసిపోవును. అపు అప్పటికి పసికందు. చిత్రమున ఆమె చాలకాలము జీవించియుండును. రాయ్ ఆమెను ఊరక బ్రతికించియుంచలేదు. నవలలో దుర్గ, అపు ఒకనాడు రైలుదారిని వెదకుచు బయలుదేఱి, దారితప్పి, రైలును చూడకయే యిల్లు చేరుదురు. చిత్రమున రెల్లుపూల నడుమ నిలిచి, టెలిగ్రాఫు స్తంభమునకు చెవి ఆనించి ఆ హోరు విందురు. దూరమున పొగ కానవచ్చును. ఇద్దఱును పరుగెత్తుదురు. దుర్గ కాలు తడబడి వెనుకబడును; అపు ముందునకు పోవును; బండి దడదడలాడుచు అతని కన్నులయెదుట సాగిపోవును. ఆ యుత్సాహముతో ఇంటికి మఱలి వచ్చుచున్న పిల్లలకు వెదురుపొదలో కూర్చుండియున్న అవ్వ కనబడును. నిద్రించుచున్నదని తలచి దుర్గ తాకును. అవ్వ ప్రక్కకు ఒఱగిపోవును. ఆమె చెంబు దొరలుకొనుచు పోయి నీట పడును. నవలలో ఎక్కడెక్కడనో యున్న రెండు సంగతులు చిత్రమున ఒక్క మధ్యాహ్నమున కలిసినవి.

దీనికి నవలాభిమానులు ఒక అభ్యంతరము చెప్పవచ్చును. నవలలో దుర్గ రైలును చూడకయే మరణించును. చివరకు ఊరు విడిచి రైలెక్కి పోవునపుడు అపునకు గుర్తు వచ్చునది అక్క తీరనికోరికయే. ఆ వేదన ఎంతటిదో చదివినవారికి తెలియును. పరుగులో దుర్గను వెనుకబడవేసి రాయ్ దానిని సగము నిలుపుకొనెను గాని, సగము పోగొట్టుకొనెననియే చెప్పవలెను. ఇచట పైచేయి విభూతిభూషణునిదే.

కాని కంఠహారపు సంగతి వేఱు. దుర్గ పొరుగింటి పూసలహారమును దొంగిలించినదని వారు నింద మోపుదురు, ఆమె ఒప్పుకొనదు. ఆమె మరణించిన పిమ్మట, ఊరు విడుచుటకు సామానులు సర్దుచుండగా, అటుకపై దాచిన చిప్పలో ఆ హారము అపునకు దొరకును. నవలలో దొరకునది చిన్న బంగారు కుంకుమభరిణె. దానిని అతడు వెదురుపొదలోనికి విసరివేయును. చిత్రమున అపు హారమును చెఱువులోనికి విసరును. నాచు విడిపోవును, నీరు గుండ్రముగా కనబడును, మఱల నాచు మెల్లమెల్లగా కలిసికొనును. అక్క రహస్యమును చెఱువు తన కడుపులో దాచుకొనెను. ఒక్క మాటయు లేదు, వివరణము లేదు. నవలాకారుని మార్పక ఆ చోట నిలువగల కలము అరుదు. రాయ్ వెదురుపొదను చెఱువుగా మార్చి ఆయనను మించెను.

దానికంటె గొప్పది మఱియొకటి. పని వెదకికొనుటకై ఊరు విడిచిపోయిన హరిహరుడు చాలకాలమునకు తిరిగివచ్చును. ఇంట జరిగినది అతనికి తెలియదు. మూట విప్పి, తెచ్చిన వస్తువులు ఒకటొకటియే చూపుచు, ఇది దుర్గకు అని ఒక చీరను భార్యచేతిలో పెట్టును. సర్వజయ ఆ చీరను నోట కఱచిపట్టి కుప్పకూలిపోవును. ఆమె నోరు తెఱచి యేడ్చుచుండుట కనబడును. ఏడుపు మాత్రము వినబడదు. దానికి మాఱుగా తారషెహనాయి యను తంత్రీవాద్యము గొంతెత్తి విలపించును. కరుణా బెనర్జీ నిజముగనే ఏడ్చి నటించినది. కూర్పు సమయమున ఆ ధ్వనిని తొలగించి రాయ్ సంగీతమును నిలిపెను. ఆ తల్లి దుఃఖమునకు మనుష్యకంఠము చాలదని ఆయన తలచెనేమో. విన్నవారు మఱవజాలరు. పుటపై అక్షరములచేత ఈ పని చేయుట ఏ రచయితకును సాధ్యము కాదు. చిత్రమునకు సంగీతము కూర్చినవాడు రవిశంకర్. ఆయనకు తీరిక మిక్కిలి తక్కువగా నుండుటచే, దాదాపు పదునొకండు గంటలలో ఒక్క పట్టున సంగీతమంతయు ముగించిరి.

కెమేరాకు లొంగనివి కూడ నవలలో ఎన్నో కలవు. నవలలోని అపు మహాభారతము వినుచు, అర్జునుని విడిచి కర్ణునిపై జాలిపడును. రథచక్రము నేలలో క్రుంగిపోగా, దానిని ఎత్తుచున్న కర్ణుడు అతని కన్నులకు ఎప్పుడును కట్టినట్లుండును. వెదురుపుల్ల చేతబట్టి ఒంటరిగా యుద్ధములు చేయు ఆ పసివాని ఊహాలోకమును పుటలకొలది విభూతిభూషణుడు వర్ణించెను. చిత్రమున దానిలో మిగిలినది స్వల్పము: వీథినాటకమును చూచి వచ్చి, అక్క బొమ్మలపెట్టెలోని తగరపు కాగితముతో కిరీటము చేసికొనుట. అక్క కోపించి తఱుముట, పిల్లలు రెల్లుమైదానమునకు చేరుట దానివలననే. అపు మనస్సు లోపలినుండి ఎట్లుండునో తెలియవలెనన్న పుస్తకమును తెఱువక తప్పదు. రాయ్ చూపినది లోకమును చూచు ఆ కన్నులను. చిత్రమున బాలుడైన అపు మొదటిసారి కానవచ్చు తీరే ఇందుకు సాక్ష్యము. బడికి పోవలసిన వేళ దాటుచున్నది. పిల్లవాడు దుప్పటి ముసుగులో దాగియున్నాడు. దుర్గ దుప్పటి చిరుగును విప్పి చూచును. చిరుగులో ఒక కన్ను. అది మెల్లగా తెఱచుకొనును.

1955 మే నెలలో న్యూయార్కు నగరమునందలి ఆధునిక కళాప్రదర్శనశాలలో చిత్రమును మొదట ప్రదర్శించిరి. దానిని గడువులోపల పంపుటకై రాయ్‌యు కూర్పరి దులాల్ దత్తయు రాత్రింబవళ్ళు పని చేసిరి. ఆగస్టు 26వ తేదీన కలకత్తాలో విడుదల యయ్యెను. మొదటి దినములలో జనము పలుచగా నుండిరి. పిమ్మట టిక్కెట్లు దొరకుట కష్టమయ్యెను. చునీబాలాదేవి ఆ విడుదలను చూడలేదు; అంతకు ముందే మరణించెను. పాడెపై మోసికొనిపోవు ఘట్టమును తీసిననాడు, పని ముగిసిన తరువాతను ఆమె కదలకుండుటచే అందఱును భయపడిరట. ఆమె కన్నులు తెఱచి, తీయుట ముగిసినదని తనకు ఎవ్వరును చెప్పలేదేమని అడిగెనట. 1956లో ఫ్రాన్సు దేశమునందలి కేన్ చలనచిత్రోత్సవమున ఆ చిత్రమునకు ఉత్తమ మానవీయ చిత్రమను బహుమానము లభించెను. నవలలో మిగిలిన కథను, దాని తరువాతి కథను రాయ్ 1956లో ‘అపరాజితొ’గను, 1959లో ‘అపుర్ సంసార్’గను తీసెను.

పుస్తకము కాలిపోయిన వేఱొక ప్రతి దొరకును. ఫిల్ము సంగతి అట్లు కాదు. 1993లో లండనులోని యొక ఫిల్ము ప్రయోగశాలయందు అగ్నిప్రమాదము జరిగి, ఆ మూడు చిత్రముల మూలపు ఫిల్ములు కాలినవి. రాయ్ అంతకు ముందు సంవత్సరమే, 1992 ఏప్రిల్ 23వ తేదీన, మరణించియుండెను. మాడి, ముడుచుకొని, ముట్టుకొనిన విఱుగునట్లున్న ఆ చుట్టలను పారవేయక, అమెరికాలో భద్రపఱచిరి. దాదాపు రెండు దశాబ్దములకు ఇటలీలోని బొలోన్యా నగరపు నిపుణులు వానిని మెత్తపఱచి, అంగుళమంగుళముగ శుభ్రపఱచి, చెడిపోయిన భాగములను వేఱు ప్రతులనుండి తెచ్చి అతికిరి. 2015 మే నెలలో, మొదట ప్రదర్శించిన ఆ న్యూయార్కు కళాశాలలోనే, సరిగా 60 ఏండ్లకు, తెరపై దీపము వెలిగెను. దుర్గ దుప్పటి చిరుగును విప్పెను. అపు కన్ను తెఱచెను.